తెరపై ఏముందో చట్టం చూస్తుంది.. తెర ఎవరిదో అడిగేదెవరు?

సినిమా హాల్లో బొమ్మ పడే ముందు కొన్ని క్షణాలపాటు ఒక ధ్రువపత్రం కనిపిస్తుంది. చిత్రం పేరు, నిడివి, నిర్మాత పేరు, ఏ వయసువారు చూడవచ్చో తెలిపే అక్షరం అందులో ఉంటాయి. ఈలలు, కేరింతల మధ్య దాన్ని చదివేవారు తక్కువే. దినపత్రికలదీ అలాంటి ఆనవాయితీయే. ఏటా ఫిబ్రవరి నెల ముగిశాక వచ్చే తొలి సంచికలో, ఏదో ఒక మూల, చిన్న అక్షరాలతో 'ఫారం-4' పేరిట ఒక ప్రకటన వెలువడుతూ వచ్చింది. పత్రిక యజమాని ఎవరు, ముద్రించేది, ప్రచురించేది, సంపాదకత్వం వహించేది ఎవరు, మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవారెవరు అన్న వివరాలను అది పాఠకుడి ముందు ఉంచుతుంది.

ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో మాట్లాడుతూ ఉండే వార్తా ఛానెల్ తెర మీద ఇటువంటి ప్రకటన ఏనాడూ కనిపించదు. అది ఎవరిదో, ఆ యజమానికి ఇంకా ఏయే వ్యాపారాలున్నాయో, ఏ రాజకీయ పక్షంతో బంధముందో ప్రేక్షకుడు అనుభవం మీద ఊహించుకోవలసిందే.

మన దేశంలో మాధ్యమాల నియంత్రణలోని ప్రధానమైన వెలితి ఇక్కడే ఉంది. ఏం చూపాలి, ఏం చూపకూడదు అన్న నియమాలు ఏడు దశాబ్దాలుగా పేరుకుంటూ వచ్చాయి. చూపుతున్నది ఎవరు, ఎన్ని మాధ్యమాలు ఒకే చేతిలో ఉండవచ్చు అన్న నియమాలు మాత్రం చాలావరకు సిఫారసుల దశలోనే ఆగిపోయాయి. పిల్లలను, వినియోగదారులను కాపాడాలన్న చర్చ వచ్చినప్పుడల్లా కత్తెర గురించి మాట్లాడుకోవడమే ఎక్కువ. కత్తెర ఎంత పదునైనదైనా, ఫిర్యాదు విని తీర్పు చెప్పవలసిన మొదటి వ్యక్తి ఆ ఛానెల్ యజమానే అయినప్పుడు యాజమాన్యం ప్రశ్నను పక్కన పెట్టడం కుదరదు.

నాలుగు నగరాల కథ

సెన్సార్ చరిత్రలో నేటికీ ప్రస్తావనకు వచ్చే కేసు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్‌ది. రచయిత, దర్శకుడు అయిన అబ్బాస్ 1960ల చివర ఒక లఘు డాక్యుమెంటరీ తీశారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాల్లోని సంపన్నుల విలాసాన్ని, పేదల దైన్యాన్ని పక్కపక్కన చూపడమే దాని ఉద్దేశం. బొంబాయిలోని వేశ్యావాటిక దృశ్యాలు అందులో కొద్దిసేపు ఉన్నాయి. అందరూ చూడదగిన చిత్రంగా 'యు' ధ్రువపత్రం కావాలని ఆయన కోరగా, పెద్దలకు మాత్రమే అనే 'ఎ' ఇస్తామన్నారు. తరువాత ఆ దృశ్యాలను తొలగిస్తే 'యు' ఇస్తామన్నారు. అబ్బాస్ సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

విచారణ దశలో ప్రభుత్వం మెత్తబడి, కోతలు లేకుండానే 'యు' ఇవ్వడానికి ఒప్పుకుంది. తన చిత్రానికి అనుమతి వచ్చింది కాబట్టి ఆయన అక్కడితో ఆగిపోవచ్చు. కానీ పిటిషన్‌ను సవరించి అసలు ప్రశ్ననే న్యాయస్థానం ముందు పెట్టారు. పత్రికకు, పుస్తకానికి లేని ముందస్తు సెన్సార్ సినిమాకు మాత్రం ఎందుకు?

1970 సెప్టెంబరు 24న ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నాయకత్వంలోని అయిదుగురు సభ్యుల ధర్మాసనం తీర్పు చెప్పింది. చలనచిత్రం ఇతర కళారూపాలకంటే గాఢంగా మనసును కదిలిస్తుందని, కనుక దాన్ని వేరుగా చూడటం, వయసును బట్టి వర్గీకరించడం రాజ్యాంగబద్ధమేనని పేర్కొంది. సెన్సార్‌ను సమర్థించిన తీర్పుగానే ఇది ప్రసిద్ధి పొందింది. అయితే అందులో మరో సగం ఉంది. సమాజంలోని అత్యంత బలహీనులను, వక్రబుద్ధి కలవారిని దృష్టిలో పెట్టుకొని ఆరోగ్యకరమైన మనసున్నవారు ఏం చూడాలో నిర్ణయించకూడదని, కళకు చోటు విడిచిపెట్టాలని కూడా న్యాయస్థానం చెప్పింది. మండలి నిర్ణయంపై అప్పీలు కేంద్ర ప్రభుత్వానికి కాక, ఒక న్యాయాధికార సంస్థకు వెళ్లడం మేలని సూచించింది.

ఆ సూచన ఫలితంగానే చలనచిత్ర ధ్రువీకరణ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఏర్పడింది. 1983లో 'సెన్సార్ బోర్డు' పేరు 'ధ్రువీకరణ మండలి'గా మారింది. పెద్దల పర్యవేక్షణలో పిల్లలు చూడదగిన 'యు/ఎ' తరగతి కూడా అప్పుడే వచ్చింది. సుమారు నాలుగు దశాబ్దాలు పనిచేసిన ఆ ట్రిబ్యునల్‌ను 2021 ఏప్రిల్‌లో రద్దు చేశారు. ఇప్పుడు మండలి నిర్ణయం నచ్చని నిర్మాత హైకోర్టుకే వెళ్లాలి. పెద్ద సంస్థలకు ఇది భారం కాకపోవచ్చు. అప్పు చేసి చిన్న చిత్రం తీసినవారికి, విడుదల తేదీ దగ్గర పడుతున్న వేళ, కోర్టు మెట్లు ఎక్కడం కంటే కోతలకు ఒప్పుకోవడమే తేలిక. నిషేధం అనే మాట ఎక్కడా వినిపించకుండానే దృశ్యం మాయమయ్యే దారుల్లో ఇది ఒకటి.

సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ వయసు వర్గీకరణను మరింత సూక్ష్మం చేసింది. 'యు/ఎ' తరగతిని 7, 13, 16 ఏళ్లు దాటినవారికి అంటూ మూడుగా విభజించింది. ఏడేళ్ల పసివాడినీ పదిహేనేళ్ల కుర్రాడినీ ఒకే గాటన కట్టకపోవడం మంచిదే. ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఈ వయసు గుర్తులు తల్లిదండ్రులకు, సంరక్షకులకు సూచనలు మాత్రమే. వాటిని అమలుచేసే అధికారం వారికి తప్ప ఇతరులకు లేదు. పన్నెండేళ్ల పిల్లవాడు తండ్రి వేలు పట్టుకొని '16+' చిత్రానికి వస్తే టికెట్లు చింపే మనిషి ఆపలేడు. 'ఎ' ధ్రువపత్రం ఉన్న చిత్రానికి ఈ వెసులుబాటు లేదు. దాన్ని టెలివిజన్‌లో వేయాలన్నా విడిగా మరో ధ్రువపత్రం పొందాలి.

చూపిన తరువాత అడిగే పద్ధతి

సినిమాను ముందే చూసి ముద్ర వేస్తారు. ప్రత్యక్ష ప్రసారాలతో నిండిన టెలివిజన్‌కు అది సాధ్యం కాదు. కాబట్టి 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం వేరే దారి పట్టింది. కార్యక్రమాలకు ఒకటి, వాణిజ్య ప్రకటనలకు ఒకటి, రెండు నియమావళులను ముందుగానే ప్రకటించి, ఉల్లంఘిస్తే తరువాత చర్య తీసుకుంటారు. పిల్లలు అత్యధికంగా చూసే వేళల్లో వారికి తగని కార్యక్రమాలు వేయకూడదని కార్యక్రమాల నియమావళి చెబుతుంది. ఆ వేళలు ఏవో గడియారం చూసి మాత్రం చెప్పదు. వినోద ఛానెళ్లు తమ స్వీయ నియమావళిలో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు పెద్దల కార్యక్రమాలకు కేటాయించుకున్నాయి. ఆ కార్యక్రమాన్నే మర్నాడు మధ్యాహ్నం ఫోనులో ముక్కలుగా చూసే రోజుల్లో ఈ గడియారానికి పెద్దగా విలువ లేకుండా పోయింది.

అభ్యంతరం ఉన్న ప్రేక్షకుడు ఏం చేయాలి? 2021 జూన్‌లో కేబుల్ నియమాలకు చేసిన సవరణ మూడంచెల ఏర్పాటును చట్టబద్ధం చేసింది. మొదట ఛానెల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 24 గంటల్లో అందినట్లు తెలపాలి, 15 రోజుల్లో పరిష్కరించాలి. సంతృప్తి కలగకపోతే మరో 15 రోజుల్లోగా ఆ ఛానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. ఆపై కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ కమిటీ ఉంటుంది. కార్యక్రమం పేరు, ప్రసారమైన తేదీ, సమయం రాసిపెట్టుకుంటే తప్ప ఈ దారిలో ముందుకు సాగడం కష్టం. ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ వివరాలు లేకనే నీరుగారిపోతాయనుకోవడానికి ఆస్కారముంది.

అసలు చిక్కు వేరే ఉంది. మొదటి అంచె ఛానెల్ యాజమాన్యం. రెండో అంచె ఛానెల్ యాజమాన్యాలు కలిసి ఏర్పరచుకున్న సంస్థ. దానికి విశ్రాంత న్యాయమూర్తులే అధ్యక్షత వహిస్తున్నా, దాని మాట సభ్యుల మీద మాత్రమే చెల్లుతుంది. వార్తా ఛానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థ విధించగల గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. ఒక్క సంచలన కార్యక్రమం మీద వచ్చే ప్రకటనల ఆదాయం ముందు ఇది ఏపాటిదన్న సందేహాన్ని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు సైతం వ్యక్తం చేసింది. అలాగని మూడో అంచె అయిన ప్రభుత్వానికి మరింత అధికారం ఇస్తే, విమర్శించే ఛానెల్ నోరు నొక్కడానికి అదే సాధనం కావచ్చు. ప్రసార సేవల నియంత్రణ బిల్లు ముసాయిదాను 2023 నవంబరులో విడుదల చేసినప్పుడు, మరుసటి ఏడాది దాని సవరించిన రూపం కొందరికి మాత్రమే అందినప్పుడు వెల్లువెత్తిన ఆందోళన ఇదే. ఆ సవరించిన ముసాయిదాను 2024 ఆగస్టులో ఉపసంహరించుకున్నారు.

ప్రకటనల పన్నెండు నిమిషాలు

వినియోగదారుడి మాటకొస్తే, గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదన్న నిబంధన కేబుల్ నియమాల్లో ఉంది. అందులో 10 నిమిషాలు వాణిజ్య ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారానికి. రిమోట్ చేతిలో ఉన్న ఏ ప్రేక్షకుడైనా ఇది ఎంతవరకు అమలవుతోందో గడియారం చూసి తేల్చుకోగలడు. ఈ పరిమితిని సవాలు చేస్తూ ప్రసార సంస్థలు 2013లోనే న్యాయస్థానానికి వెళ్లాయి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంతకంటే గట్టిది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. ప్రకటనలో నటించి వస్తువును సిఫారసు చేసిన ప్రముఖులనూ ఏడాది నుంచి మూడేళ్ల వరకు ప్రకటనలకు దూరం పెట్టగలదు. 2022 జూన్ మార్గదర్శకాలు పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలకు ప్రత్యేక నియమాలు చేర్చాయి. మద్యం పేరు చెప్పలేక సోడా పేరుతో వచ్చే చాటు ప్రకటనలనూ నిషేధించాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం పుస్తకాల్లోని నియమంగా మిగలలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ఆగలేదు. అది టీవీ ప్రకటనల విరామంలో కాదు, వంటలు, హాస్యం, ప్రయాణాల వీడియోల మధ్యలో సాగింది. 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు సినీ ప్రముఖులు, సామాజిక మాధ్యమ ప్రచారకర్తలు పలువురిపై కేసులు నమోదు చేశాక గానీ దాని విస్తృతి చాలా కుటుంబాలకు అర్థం కాలేదు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించి, వాటికి ప్రచారం చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని పేర్కొంది. ఇక్కడ మాట్లాడే మనిషే సంపాదకుడు, అతడే ప్రకటనకర్త, అతడే ఛానెల్ యజమాని. ఏ మూడంచెల వ్యవస్థా ఈ అమరికను ఊహించి రాసింది కాదు.

వెబ్ సిరీస్‌ల సంగతి కొంత భిన్నం. 2021 ఫిబ్రవరి నాటి ఐటీ నియమాల ప్రకారం ఓటీటీ సంస్థలు తమ చిత్రాలను తామే వయసువారీగా వర్గీకరించుకోవాలి. '13+', అంతకు పైబడిన వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఆ నియమాల్లో నైతిక నియమావళికి కట్టుబడాలన్న భాగంపై బొంబాయి హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో స్టే ఇచ్చింది. ఇక పిల్లల సమాచారాన్ని సేకరించి, వారి అలవాట్లను వెంబడించి ప్రకటనలు చూపడాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిషేధించింది. 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరి. ఉల్లంఘనకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా సాగుతుంది.

తరంగాలు ఎవరి సొత్తు

యాజమాన్యం ప్రశ్నకు మూలం ఒక క్రికెట్ పోటీ. 1993 హీరో కప్ ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం విదేశీ సంస్థకు ఇవ్వడంతో దూరదర్శన్‌తో వివాదం తలెత్తింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు క్రికెట్‌ను దాటి చాలా దూరం వెళ్లింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండరాదని అది తేల్చింది. ప్రైవేటు ఛానెళ్లకు తలుపులు తెరిచిన తీర్పుగా దీన్ని చెప్పుకుంటారు.

అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఆ తీర్పులో విడిగా రాసిన భాగం చదివితే మరో హెచ్చరిక కనిపిస్తుంది. ప్రసార కేంద్రం నెలకొల్పడం పౌరుడి ప్రాథమిక హక్కు కాదన్నారు ఆయన. ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదమో, కొద్దిమంది ధనవంతుల చేతుల్లో ప్రసారాలు చిక్కడం అంతకు తక్కువ ప్రమాదం కాదన్నది ఆయన అభిప్రాయం. ప్రసారాలు ప్రభుత్వం నుంచీ వేరైన ప్రజా సంస్థ నియంత్రణలో ఉండాలని ఆయన భావించారు. మూడు దశాబ్దాలు గడిచినా, ప్రైవేటు రంగమంతటికీ వర్తించే అటువంటి స్వతంత్ర సంస్థ ఏర్పడలేదు.

ఆకాశవాణి, దూరదర్శన్‌లకు మాత్రం 1990 నాటి ప్రసారభారతి చట్టం 1997లో అమల్లోకి వచ్చింది. అందులో ఒక ఆసక్తికరమైన సెక్షన్ ఉంది. దేశ సమగ్రత, శాంతిభద్రతల వంటి కారణాలపై ఫలానాది ప్రసారం చేయాలనో, వద్దనో కేంద్రం ఆదేశించవచ్చు. అయితే ఆదేశం మేరకే ప్రసారం చేస్తున్నామని, కోరుకుంటే, ప్రసారభారతి శ్రోతలకు చెప్పవచ్చు. ఆ ఆదేశం ప్రతిని పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచాలి. మాట వెనుక ఎవరున్నారో వినేవారికి తెలియాలన్న సూత్రం ఇంత స్పష్టంగా రాసిన చోటు మన ప్రసార చట్టాల్లో మరొకటి దొరకడం కష్టం.

కత్తెర లేకుండానే సెన్సార్ ఎలా జరుగుతుందో 2014లో తెలంగాణ చూసింది. కొత్త రాష్ట్రం ఏర్పడిన నెలలోనే, శాసనసభ్యులను అవహేళన చేశారన్న ఆగ్రహం నేపథ్యంలో, రెండు తెలుగు వార్తా ఛానెళ్ల ప్రసారాలను కేబుల్ ఆపరేటర్లు నిలిపివేశారు. ప్రభుత్వం నిషేధ ఉత్తర్వు ఇవ్వలేదు. ఏ దృశ్యాన్నీ కత్తిరించలేదు. ఛానెల్ ఉండవలసిన చోట తెర ఖాళీగా కనిపించింది, అంతే. ఆపరేటర్లు స్వచ్ఛందంగా చేసిన పని అని ఒకవైపు, ఒత్తిడి ఫలితమని మరోవైపు వాదించారు. వ్యవహారం న్యాయస్థానాలకెక్కింది, ఒక ఛానెల్‌కు నెలలు గడిచినా ఊరట దక్కలేదు. ప్రసారాన్ని ఆపే ముందు మూడు వారాల నోటీసు ఇవ్వాలని ట్రాయ్ నిబంధనలు చెబుతున్నాయి. తీగ ఎవరి చేతిలో ఉందో వారిదే పైచేయి అన్నది నిబంధనలకు ముందున్న సత్యం. డబ్బు కట్టిన చందాదారుడిని ఆ వివాదంలో ఎవరూ పక్షంగా చేర్చలేదు.

ఈ ప్రమాదాన్ని విధానకర్తలు గుర్తించలేదని కాదు. మీడియా సంస్థల అడ్డదిడ్డ యాజమాన్యంపై హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2009లో కేంద్రం కోసం అధ్యయనం చేసి, ప్రాంతీయ భాషా మార్కెట్లలో కొద్ది సంస్థల ఆధిపత్యాన్ని ఎత్తిచూపింది. ట్రాయ్ అదే ఏడాది ఒకసారి, 2014 ఆగస్టు 12న మరింత వివరంగా మరోసారి సిఫారసులు చేసింది. రాజకీయ, మత సంస్థలను, ప్రభుత్వాలను ప్రసార రంగానికి దూరంగా ఉంచాలి. ఒకే భాషా మార్కెట్‌లో పత్రికలోనూ టెలివిజన్‌లోనూ ఒకే సంస్థ ఆధిపత్యం హద్దు మీరితే, ఒకదానిలో వాటా తగ్గించుకోవాలి. మీడియా నియంత్రణకు స్వతంత్ర సంస్థ ఉండాలి, అందులో మీడియాకు బయటివారే ఎక్కువగా ఉండాలి. దేశమంతటినీ ఒక మార్కెట్‌గా కాక, ఒక్కో భాషను విడిగా చూడాలన్నది ఇందులో తెలివైన మాట. జాతీయ స్థాయిలో చిన్నగా కనిపించే సంస్థ తెలుగు పాఠకుడికి, ప్రేక్షకుడికి మహావృక్షం కావచ్చు. ఆ సిఫారసులు చట్టం కాలేదు. 2022 ఏప్రిల్‌లో ట్రాయ్ ఇదే అంశంపై మళ్లీ సంప్రదింపుల పత్రం విడుదల చేసింది.

యాజమాన్య పరిమితులు అసాధ్యమనడానికి వీల్లేదు. ఎఫ్ఎం రేడియోలో అవి మొదటినుంచీ ఉన్నాయి. సొంతంగా వార్తలు చదవడానికి వీల్లేని, ఆకాశవాణి బులెటిన్లను మార్పు లేకుండా వినిపించడానికి మాత్రమే అనుమతి ఉన్న ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలకు, ఒక సంస్థ దేశంలోని మొత్తం ఛానెళ్లలో 15 శాతం మించి పొందరాదన్న నిబంధన ఉండేది. పరిశ్రమ కోరికపై 2023 అక్టోబరులో కేంద్రం దాన్ని ఎత్తివేసింది. ఒక నగరంలో 40 శాతానికి మించరాదన్న పరిమితి మిగిలింది. రోజంతా వార్తలు చెప్పే టెలివిజన్‌కు ఇటువంటి అంకె ఏదీ లేదు.